పీకల మీదికొచ్చిన పీకులు

గోరింకల లంకలో ఆ రోజు పరిగెత్తని మనిషి లేడు. పరిగెత్తలేని వాళ్లని మంచాలతో సహా ఎత్తుకుని మిగతావాళ్లు పరిగెత్తారు. వైనతేయ పాయకి అవతల, మామిడికుదురు వైపు గట్టు మీద గ్యాసు బావులున్నాయి. అక్కడి ప్రమాద సైరను మిట్టమధ్యాహ్నం ఉన్నట్టుండి ఊళెత్తింది. కోనసీమలో పుట్టినవాడికి ఆ కూత చెవిన పడితే కాళ్లు ముందు కదులుతాయి, కారణం తరవాత కనుక్కుంటాడు. పొయ్యిల మీద నీళ్లు గుమ్మరించారు. గేదెల పలుపులు విప్పేశారు. సర్పంచి బుచ్చిరాజు గారు భుజం మీద టవలుతో, నోట్లో సగం నమిలిన గారెతో రేవు దాకా వచ్చి, రేవులో పడవ లేదని చూసి, గారె మింగి, వెనక్కి తిరిగి జనానికి ధైర్యం చెప్పారు. ఆయన ధైర్యం చెప్పిన గొంతు విని, అప్పటిదాకా ధైర్యంగా ఉన్నవాళ్లు కూడా భయపడ్డారు.

తీరా చూస్తే గ్యాసూ లేదు, మంటా లేదు. సైరనుకి సై అన్నది లంకలోదే. కొబ్బరితోట మధ్య కొత్తగా పాతిన ఇనప స్తంభం. దాని కింద, చేతిలో తీగ పట్టుకుని, రెండో స్తంభంలా బిగుసుకుపోయి నిలబడింది సత్యదుర్గ.

సత్యదుర్గ అమలాపురం పక్కన ఓ ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రానిక్సు చెబుతుంది. రేడియో తరంగాలంటే ఆమెకి ప్రాణం. అంతరంగంలో కూడా తరంగమే తప్ప వేరే రంగం లేదని తోటి లెక్చరర్లు ఏడిపిస్తుంటారు. ఆ స్తంభం ఆమె పాతించిందే. ఎందుకంటే, గోరింకల లంకకి చుట్టూ నీళ్లు, నిండా కొబ్బరిచెట్లు. మామూలు ఫోను సిగ్నలు గోదావరి దాటేలోపు ఈతరాని వాడిలా సగం మునిగిపోతుంది. మునగని సగం మట్టల్లో చిక్కుకుంటుంది. లంకలో ఆరోగ్యం పనులు చూసే వీరాయమ్మ డాక్టరు గారితో ఒక్క మాట మాట్లాడాలంటే పడవెక్కాలి. వరదొస్తే ఆ పడవా ఉండదు. మాటా ఉండదు.

పాత రోజుల్లో ఇంటి కప్పుల మీది యాంటెన్నాలకి టీవీ బొమ్మలు మోసుకొచ్చిన తరంగాలుండేవి. అవి నిదానం మనుషులు. చెట్టు అడ్డొస్తే గొడవపడవు, పక్కనుంచి తప్పుకుని వచ్చేస్తాయి. ఇప్పుడు ఆ తరంగాలు చాలా చోట్ల ఖాళీగా పడి ఉన్నాయి. ఆ ఖాళీని వాడుకోనివ్వమని సత్యదుర్గ ఢిల్లీకి రాసింది. ఒక్క ఛానల్ కోసం చానాళ్లు తిరిగింది. చివరికి ప్రయోగం కోసమని అనుమతి వచ్చింది, షరతుతో. వాటా ఇంట్లో అద్దెకున్నట్టే అన్నమాట. మన వాటాలో మనం పాడుకోవచ్చు, ఆడుకోవచ్చు. పక్కవాటా గోడకి మాత్రం మన కాలు తగలకూడదు.

ఆ పక్కవాటాలో ఉన్నవి గ్యాసు బావుల వైర్‌లెస్సులు. ప్రతి బావీ క్షణక్షణం స్టేషనుకి "నేను బాగానే ఉన్నాను" అని చెబుతూ ఉంటుంది. ఆ మాట చెడిపోయిందా, బావికేదో అయిందని స్టేషను సైరను మోగిస్తుంది. సత్యదుర్గ స్తంభం మొదటిసారి నోరు విప్పిన రోజే ఆ మాటని తొక్కేసింది.

ఇందులో దుర్బుద్ధి ఏమీ లేదు. ఉన్నదల్లా ఒక పీకు. స్తంభం నుంచి వెళ్లే ప్రసారం ఒక్క పెద్ద అల కాదు, పక్కపక్కన నడిచే బోలెడు చిన్న అలలు. ఒక్కో అల ఒక్కో ఇంటి మాట మోస్తుంది. మామూలుగా ఒకటి తల ఎత్తితే ఇంకొకటి దించుతుంది, పెళ్లిలో వియ్యంకుల్లాగా. ఎప్పుడో ఒకప్పుడు ఖర్మకాలి అన్నీ ఒకేసారి తలలెత్తుతాయి. ఆ క్షణాన ప్రసారం శిఖరమంత ఎత్తు లేస్తుంది. గొంతు పెంచి పంపే యాంప్లిఫయరు పెట్టెకి అంత ఎత్తు మోసే శక్తి లేదు. అది బొంగురుపోతుంది. బొంగురుపోయిన గొంతు తన వాటా బ్యాండులో ఉండదు, పక్క బ్యాండులోకి చింది పడుతుంది. ఇంజనీర్లు ఆ ఎత్తునే పీకు అంటారు. సత్యదుర్గ విషయంలో పీకు సరాసరి పీక మీదికే వచ్చింది.

గ్యాసు కంపెనీ వాళ్లు ఫిర్యాదు చేశారు. చేయడం న్యాయమే. ప్రాణాలు కాచే సైరను ఉత్తినే మోగితే రేపు నిజంగా మోగిన రోజు ఎవడూ కదలడు. తరంగాల వాటాలు పంచే స్పెక్ట్రం ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. ఒక అధికారి వచ్చి పరీక్ష చేస్తాడు. ఆ ఒక్క పరీక్షలో సైరను మోగిందా, అనుమతి రద్దు, స్తంభం పీకెయ్యాలి. పీకు వల్ల పీకుడు.

కాలేజీ ల్యాబు చూసుకునే నతానియేలు సత్యదుర్గకి కుడిభుజం. పెద్ద యాంప్లిఫయరు పెట్టేద్దామండి అన్నాడు. పెట్టి చూశారు. ఎండతో నిండే బ్యాటరీని ఆ పెట్టె మధ్యాహ్నానికే నాకేసింది. మల్లెపందిరి మొయ్యడానికి ఏనుగుని కట్టినట్టయింది. పోనీ, ఎత్తు మీరిన అల తలని కత్తిరించేద్దామనుకున్నారు. అలా కత్తిరించడాన్ని క్లిప్పింగు అంటారు. జడకి క్లిప్పు పెడితే జుట్టు అణుగుతుంది గాని అలకి క్లిప్పు పెడితే అలుగుతుంది. బొండం తల చెక్కితే నీళ్లు ఎగిరి పక్కవాడి చొక్కా మీద పడ్డట్టు, తెగిన అల తుంపర మళ్లీ పక్క బ్యాండులోనే పడింది.

ఇలా పాలుపోక ఉన్న రోజుల్లో బుచ్చిరాజు గారి మనవరాలి ఓణీల ఫంక్షను వచ్చింది. సైరను గొడవకి లంకలో సగం మంది సత్యదుర్గ మీద గుర్రుగానే ఉన్నారు. రాజు గారు మాత్రం స్వయంగా అమలాపురం వచ్చి బొట్టు పెట్టించి పిలిచారు. కోపం కోపమే, పిలుపు పిలుపే. అదీ అక్కడి లెక్క.

బంతిలో ఆమె కూర్చోగానే రాజు గారు వడ్డించేవాళ్ల వంక చూసి, మేడం గారి ఆకు ఖాళీగా కనపడితే ఊరుకునేది లేదన్నారు. అంతే. పప్పు గరిటె, పులుసు గరిటె, పులిహోర బేసిను, పనసపొట్టు కూర, బూరెలు, నేతి చెంబు, అన్నీ ఒకే క్షణంలో ఒకే ఆకు మీద వాలాయి. వడ్డించేవాళ్లంతా మంచివాళ్లే. ఎవరి గరిటెలోనూ ఎక్కువ లేదు. కాని అందరూ ఒక్కసారే వంగారు. ఆకు పొంగింది. పులుసు కట్ట తెంచుకుని పక్క ఆకులోకి పారి, నతానియేలు ఆఖర్న తిందామని దాచుకున్న పూతరేకుని ముంచేసింది. అతను దాని వంక చూసిన చూపు చూస్తే రాయి కూడా ఏడుస్తుంది.

"పక్క బ్యాండండి," అన్నాడు నీరసంగా.

సత్యదుర్గ నవ్వబోయి ఆగిపోయింది. ఎదుటి వరసలో వడ్డించేవాళ్లు సగం మంది ఇటు చివర నుంచి, సగం మంది అటు చివర నుంచి వస్తున్నారు. అవే గరిటెలు, అవే వంటకాలు, అంతే వడ్డన. ఏ ఆకూ పొంగడం లేదు. తలలు నరకడమూ అక్కర్లేదు, ఏనుగుని తేవడమూ అక్కర్లేదు. అలల్లో కొన్నిటిని అటు తిప్పి నడిపిస్తే చాలు. ఇన్నాళ్లూ పుస్తకాల్లో చదివి, మన చిన్న పెట్టెకి కుదిరే పని కాదని పక్కన పెట్టేసిన సంగతి, పులుసులో తేలుతూ కళ్ల ముందుకొచ్చింది.

లేచి ల్యాబుకి పరిగెత్తుదామంటే అది గోదావరి జిల్లా. విస్తరి ముందు నుంచి మధ్యలో లేవడమంటే ఇంటివాళ్ల మీద కేసు పెట్టినట్టే. బుర్రలో ఆలోచన, ముందర బూరె. ఆలోచన ఆరిపోతోంది, బూరె చేరిపోతోంది. రెండోసారి పెరుగు వేశాక గాని ఆమెకి విడుదల దొరకలేదు.

ఆ తరవాత ఆమె, నతానియేలు కలిసి చేసింది చెప్పుకోవడానికి చిన్నదే. ప్రతి మాటా స్తంభం ఎక్కేముందు పెట్టెలోని చిన్న కంప్యూటరు దాన్ని కొన్ని రకాలుగా పేర్చి చూసుకుంటుంది. ఒక పేర్పులో ఈ అలల్ని బోర్లిస్తుంది, ఇంకో పేర్పులో ఆ అలల్ని. ఏ పేర్పులో పీకు అన్నిటికంటే పొట్టిగా ఉందో దాన్నే పంపుతుంది, ఫలానా రకంగా పేర్చాను అని ఓ చిన్న గుర్తు తగిలించి. అవతలి ఇంట్లో పెట్టె ఆ గుర్తు చూసి, బోర్లించినవాటిని వెల్లకిలా తిప్పుకుని మాట చదువుకుంటుంది. చిన్న కంప్యూటరు ఇంత పని చెయ్యలేదని అందరూ అనేవాళ్లు. అక్కర్లేని లెక్కలన్నీ తీసేసి, ఎండ బ్యాటరీతో నడిచేలా చేసింది సత్యదుర్గ. ఒకే రకం మాటల్ని గజిబిజి చేసి పంపే ఏర్పాటుతో సహా పాత పద్ధతిలోవన్నీ ఊడబెరికి, అలల్ని చెదరగొట్టే పని మొత్తం ఈ ఒక్కదానికే అప్పజెప్పింది. ల్యాబులో పక్క బ్యాండు గీత పడుకున్న పాములా కదలకుండా ఉంది. ఫేజులతో, అంటే అలల ఎత్తుపల్లాల వరసతో, పేచీ తీరింది. ఇక తేలాల్సింది లంకలో.

పరీక్ష రోజు పొద్దున్నే స్పెక్ట్రం ఆఫీసరు జనార్దన్ గారు పడవ దిగారు. ముక్కు మీద స్పెక్ట్సు, చేతిలో స్పెక్ట్రం కొలిచే పెట్టె, భుజానికి సొంత నీళ్ల సీసా. రేవులో బుచ్చిరాజు గారు లేత బొండాల గెలతో ఎదురెళ్లారు. వద్దండి అన్నారు ఆఫీసరు. ఇడ్లీ, పెసరట్టు, పాలు, కాఫీ, మజ్జిగ అన్నీ అయ్యాయి. అన్నిటికీ ఒకటే జవాబు. పరీక్ష ముగిసేదాకా మీ ఊళ్లో మంచినీళ్లు కూడా పుచ్చుకోకూడదు, అది మా నియమం అన్నారాయన, చాలా మర్యాదగా.

మర్యాదగా మర్యాదని కాదన్న మనిషిని లంక ఎప్పుడూ చూడలేదు. ఆడవాళ్లు పొయ్యిల దగ్గర నిలబడిపోయారు. చేసిన వంటంతా ఎవరికి పెట్టాలి? రాజు గారి మొహం ముహూర్తం తప్పిన పెళ్లిపందిరిలా అయింది. అతిథి ఊళ్లో ఉండగా ఏమీ పెట్టకుండా కూర్చోవడం ఆయన వంశంలోనే లేదు. మర్యాద లోపల ఊరి ఊరి, దారి లేక, ఎత్తు పెరుగుతూ పోయింది. కొలిచే పెట్టె ఏదన్నా ఉంటే అసలు పీకు అక్కడ కనబడేది.

స్తంభం కింద బల్ల వేసుకుని జనార్దన్ గారు పరీక్ష పద్ధతి చెప్పారు. సాయంత్రం దాకా ఊరివాళ్లు ఇంటింటికీ ఇచ్చిన ట్యాబుల మీద, లంక భాషలో పలకల మీద, మామూలుగా మాట్లాడుకోవాలి, బొమ్మలు పంపుకోవాలి. ఆయన ఓ పలక తన ముందూ పెట్టించుకుని పక్క బ్యాండుని చూస్తూ ఉంటారు. అవతలి గట్టున సైరను ఎలాగూ ఉంది. మధ్యలో మీరు స్విచ్చి ఆపితే మాత్రం పరీక్ష తప్పినట్టే రాసుకోవాల్సి వస్తుందమ్మా అన్నారు సత్యదుర్గతో. ఆమె సరేనంది. ఎర్రటి స్విచ్చి ఆమె కుడిచేతికి జానెడు దూరంలో ఉంది.

పొద్దుటి పూట బాగానే గడిచింది. ఆఫీసరు గారి తెరమీద పక్క బ్యాండు గీత పడుకునే ఉంది. నతానియేలు ఊపిరి పీల్చుకుని, మనం గెలిచేసినట్టేనండీ అని గొణిగాడు. గెలుపు ముందే గెంతితే గోతిలో పడతామని సత్యదుర్గ చెప్పింది. ఆ మాట నోట్లోంచి వచ్చేసరికి గొయ్యి నడుచుకుంటూ వచ్చింది, వీరాయమ్మ రూపంలో.

వీరాయమ్మ మొహం వెలిగిపోతోంది. ఆఫీసరు గారికి వినపడకుండా సత్యదుర్గని పక్కకి పిలిచింది.

"మీరేం బెంగెట్టుకోకండి మేడం గారూ. రాజు గారు దారి కనిపెట్టేరు. బొండం తాగకూడదని రూల్లో ఉందంట గాని, నమస్కారం పుచ్చుకోకూడదని లేదు కదండీ."

సత్యదుర్గకి అర్థం కాలేదు. వీరాయమ్మ అర్థమయ్యేలా చెప్పింది. రాజు గారు ఇంటింటికీ తిరిగారు. కొబ్బరిగట్టు మీద నిలబడి ఆయన టవలు ఊపగానే లంకలో ప్రతి ఇల్లూ తన పలక మీద ఆఫీసరు గారికి నమస్కారం నొక్కాలి. ఊరంతా కలిసి ఉన్న గుంపులోకి నొక్కాలి, అప్పుడు స్తంభం దాన్ని తిరిగి ప్రతి ఇంటికీ, ఆఫీసరు గారి పలకకీ కూడా అందిస్తుంది. ఒకళ్లు ముందూ ఒకళ్లు వెనకా అయితే మర్యాద కాదు గనక అందరూ ఒకేసారి.

"ఎవరి మాట వాళ్లదేగా?" అంది సత్యదుర్గ.

"అబ్బే, అలాగైతే ఒకళ్లది గొప్పా ఒకళ్లది తక్కువా అవ్వదండీ? రాజు గారు చెప్పేరు, నేను కొట్టేను, అందరికీ పంపేను. అక్షరం తేడా లేదండి."

సత్యదుర్గ కాళ్ల కింద లంక కదిలినట్టయింది. అలలన్నీ ఒకేసారి తలెత్తడం మామూలుగా ఎప్పుడో జరిగే ఖర్మ. అది తప్పకుండా జరగాలంటే ఏం చెయ్యాలో పుస్తకాల్లో రాసి ఉంటుంది. ప్రతి అలకీ అదే మాట, అదే అక్షరం, అదే క్షణంలో ఎక్కించాలి. శత్రువు కూడా అంత ఓపికగా ఇల్లిల్లూ తిరిగి ఏర్పాటు చెయ్యడు. మర్యాదస్తుడే చెయ్యగలడు. సరిగ్గా ఇలాంటి మూకుమ్మడి మాటని చెదరగొట్టే పాత ఏర్పాటుని ఆమె తన చేతులతోనే పెట్టెలోంచి తీసేసింది. ల్యాబులో ఈ నమస్కారం పెట్టి చూడాలని ఆమెకి గాని, నతానియేలుకి గాని తోచలేదు.

గట్టు మీద బుచ్చిరాజు గారు కనిపిస్తున్నారు. ఆయన దగ్గరికి పరిగెత్తేంత టైము లేదు. ఇంతదూరం నుంచి చేతులెత్తి పిలిస్తే ఆయన తనకే నమస్కారం పెడుతున్నారనుకుని టవలు ఊపేస్తారు. ఆయన చెయ్యి భుజం మీదికి వెళ్లింది.

స్విచ్చి ఆపితే పరీక్ష తప్పుతుంది. స్తంభం కూలుతుంది. వచ్చే వరదకి వీరాయమ్మ రేవులో నిలబడి నీళ్ల వంక చూస్తుంది. ఆపకపోతే, తన లెక్క తప్పయితే, సైరను మోగుతుంది. మళ్లీ మంచాలు, మళ్లీ పరుగులు, ఈసారి ఆఫీసరు కళ్ల ముందే. సత్యదుర్గ చెయ్యి స్విచ్చి మీదికి వెళ్లి ఆగింది. లెక్క ఏమంటోంది? అన్నీ ఒకేలా తలెత్తినప్పుడే, కొన్నిటిని తిప్పడం వల్ల లాభం ఎక్కువ. నిలువుగా నిలబడ్డ మూకనే తేలిగ్గా చెదరగొట్టొచ్చు. అది ఆమె స్వయంగా కాగితం మీద తేల్చిన సంగతి. బుర్ర సరేనంటోంది, గుండె ఒద్దంటోంది. ఈ లంకకి నమ్మమని చెప్పిన పెట్టెని నేనే నమ్మకపోతే ఎలా అనుకుంది. చెయ్యి వెనక్కి తీసుకుని, అది మళ్లీ ముందుకి రాకుండా రెండో చేత్తో వీపు వెనక గట్టిగా పట్టుకుంది.

టవలు లేచింది.

లంక మొత్తం ఒక్క వేలితో నొక్కింది. బల్లమీద జనార్దన్ గారి పలక గణగణమంది. ఆయన తెరమీద లంక వాటాకి చెందిన బ్యాండు అంచుల దాకా నిండి, జాతర రోజు బస్సులా కిక్కిరిసింది. నతానియేలు కళ్లు మూసుకున్నాడు. వీరాయమ్మ మాత్రం ఆఫీసరు గారి మొహంలో సంతోషం వెతుకుతోంది. సత్యదుర్గ తెర చూడలేక అవతలి గట్టు వైపు చెవులప్పగించింది.

గోదావరి మీంచి పెద్ద కూత వచ్చింది.

గట్టు మీద రాజు గారు టవలు వదిలేసి చతికిలబడ్డారు. ఎవరో పిల్లల్ని చంకనెత్తుకున్నారు. ఎవరిదో గేదె, విప్పకుండానే, దారి పట్టింది. కూత మళ్లీ వచ్చింది, కాస్త దగ్గరగా, కాస్త బొంగురుగా. అప్పుడు తెలిసింది, అది సైరను కాదు, రేవులోకి వస్తున్న మోటారు పడవ హారను.

పడవలోంచి గ్యాసు కంపెనీ ఇంజనీరు మాణిక్యాలరావు గారు దిగారు. ఫిర్యాదు మీద సంతకం పెట్టిన మనిషి ఆయనే. చెమట తుడుచుకుంటూ తోటలోకి వచ్చి, ఆఫీసరు గారికి దణ్ణం పెట్టి, కాస్త విసుగ్గా అడిగారు.

"పరీక్ష ఎప్పుడు మొదలెడతారండీ? పొద్దున్నించీ మా మీటర్ల దగ్గర కూర్చున్నాం. ఏమీ కనపట్టం లేదు. పడవ దిగుతూ వైర్‌లెస్సులో అడిగినా అదే మాట. ఇవాళ ఉందా, వాయిదా వేసేరా?"

నతానియేలు కళ్లు తెరిచాడు. సత్యదుర్గ వీపు వెనక చేతులు వాటంతటవే విడిపోయాయి. ఆ ఒక్క ప్రశ్న ఆమె జీవితంలో విన్న సన్మానపత్రాలన్నిటికంటే తియ్యగా వినిపించింది. పక్కవాటా వాడు వచ్చి, మీరు ఇంట్లో ఉన్నారా లేరా అని అడుగుతున్నాడు. అద్దెకున్నవాళ్లకి అంతకంటే గొప్ప కితాబు ఏముంటుంది?

జనార్దన్ గారు ఇంకా తల ఎత్తలేదు. తెరనే చూస్తున్నారు. పక్క బ్యాండు గీత పడుకున్న చోట పడుకునే ఉంది, ఒళ్లు కూడా ఒత్తిగిలలేదు. ఆయన స్పెక్ట్సు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశారు.

"ఇప్పుడు పంపింది ఏమిటమ్మా?" అని అడిగారు.

"నమస్కారమండి," అంది సత్యదుర్గ.

"నమస్కారం సరే, పంపిందేమిటి?"

"అదేనండి. మీకు నమస్కారం. ఊరంతా ఒకటే మాట, ఒకేసారి."

ఆయన తెర మీంచి తల ఎత్తారు. దేశంలో ఎన్నో చోట్ల ఇలాంటి పరీక్షలు చేశానని, అందరూ తమ పెట్టె సుఖంగా మోసే తేలిక మాటలే పంపుతారని, అన్నిటికంటే గడ్డు పరీక్ష తమకి తాముగా పెట్టుకున్నవాళ్లని ఇక్కడే చూస్తున్నానని చెప్పారు. ఇంత ధైర్యం ఎక్కడిదని అడిగారు. గొప్ప కొట్టేసుకోవడానికి అంతకంటే మంచి సందు దొరకదు. సత్యదుర్గ ఆ సందులోకి వెళ్లలేదు.

"ధైర్యం కాదండి. మీరు బొండం తాగలేదని మావాళ్లు చేసిన పని. నాక్కూడా ఆఖరి నిమిషంలోనే తెలిసింది. ఆపుదామనుకున్నాను, ఆపలేదు."

జనార్దన్ గారు మొదటిసారి నవ్వారు. ఆ నవ్వు ఆయనకే కొత్తలా ఉంది, మధ్యలో ఓసారి ఆగి చూసుకుని మళ్లీ నవ్వారు. తరవాత పెట్టె మీద ఏవో మీటలు సర్దుకుని, ఒకసారి జరిగింది అదృష్టం కావచ్చు, మళ్లీ పంపించమనండి అన్నారు.

ఆ కబురు గట్టు మీదికి చేరేసరికి రాజు గారికి ప్రాణం లేచొచ్చింది. ఆయన జన్మలో ఏ అతిథీ ఇంత బాగా మారు అడగలేదు. టవలు లేచింది, నమస్కారాలు వచ్చాయి. గీత కదల్లేదు. ఇంకోసారి అన్నారు ఆఫీసరు గారు. ఈసారి పొడుగు మాట పంపండి అన్నారు. రాజు గారు వాళ్ల తాతల పేర్లతో సహా పంపించారు. ఒకే అక్షరం బారుగా పంపించండి అన్నారు. లంకంతా కలిసి "ఆయ్" అంటూ సాగదీసింది. మాణిక్యాలరావు గారు తన స్టేషనుకి వైర్‌లెస్సులో అడుగుతూనే ఉన్నారు, ప్రతిసారీ ఏమీ లేదనే జవాబు. చివరికి ఆయనే కుతూహలం పట్టలేక ఎవరిదో పలక తీసుకుని, తనూ ఓ నమస్కారం నొక్కారు. సొంత సైరనుని మోగించడానికి కంపెనీ ఇంజనీరే ప్రయత్నించి ఓడిపోయాడని లంకలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

సాయంత్రానికి జనార్దన్ గారు పెట్టె మూశారు. బల్ల మీదే రాసి, పక్క హక్కుదారుకి ఏ ఇబ్బందీ కలగలేదు, అనుమతి కొనసాగించవచ్చు అని సంతకం చేశారు. మరో మాట కూడా చేర్చారు. ఇకపై ఇలాంటి పరీక్షలన్నిటిలోనూ అందరూ ఒకే మాట ఒకేసారి పంపే పద్ధతి పెడితే బావుంటుందని. దానికి ఏం పేరు పెట్టాలో తెలియక లంక పేరే రాశారు. నతానియేలు ఆ కాగితాన్ని ఎండకి ఎత్తి పట్టుకుని రెండు వైపులా చదివాడు. రెండో వైపు ఏమీ రాసి లేదు, అదీ చదివాడు.

తోటలోకి జనం వచ్చేశారు. సైరను రోజు సత్యదుర్గని చూసి మొహం తిప్పుకున్నవాళ్లు కూడా ఉన్నారు. రాజు గారు ఆమె ముందుకొచ్చి నిలబడ్డారు. టవలు ఊపి ఊపి ఆయన చెయ్యి పైకి లేవడం లేదు.

"నాకు తెలీదమ్మా. ఆపదే తెద్దును," అన్నారు, గొంతు తగ్గించి. ఆమె స్విచ్చి మీదికి చెయ్యి చాపి ఆగిన సంగతి వీరాయమ్మ అప్పుడే ఊదేసింది.

"మీరు తెచ్చింది ఆపద కాదు బాబాయి గారూ, అనుమతి. మామూలు కబుర్లతో గట్టెక్కితే ఎప్పుడో ఓ రోజు పండక్కి మీరందరూ ఒకేసారి శుభాకాంక్షలు పంపుకునేవాళ్లు. ఆ రోజేం జరిగేదో అని నాకు జీవితమంతా భయం ఉండేది. ఇప్పుడు లేదు."

రాజు గారు ఆ మాటని కాసేపు నమిలి, జీర్ణం చేసుకుని, ఇహనేం అని వెనక్కి తిరిగారు. ఆఫీసరు గారి నియమం పరీక్ష ముగిసేదాకానే గదా. ముగిసింది. పొద్దుటినుంచి ఆగిన ఇడ్లీలు, బొండాలు, పులిహోర, మజ్జిగ అన్నీ కట్ట తెగిన కాలవలా ఆ బల్ల వైపు బయల్దేరాయి. జనార్దన్ గారు ఒక బొండం తాగి, రెండోది వద్దనబోయి, ఎదురుగా ఉన్న మొహాలు చూసి, పుచ్చుకున్నారు.

సత్యదుర్గ ఆ సందడిలో లేదు. వీరాయమ్మ ఆమెని చెయ్యి పట్టుకుని తోట చివర ఇంటికి లాక్కెళ్లింది. నెలలు నిండుతున్న నాగదుర్గ అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. పాదాలు వాచి ఉన్నాయి. రేపు పడవెక్కించి తీసుకెళ్దామనుకుందట వీరాయమ్మ. ఇప్పుడు పలక తెరిచింది. గోదావరికి అవతల, ఆసుపత్రి గదిలో డాక్టరమ్మ మొహం తెరమీద తేటగా వచ్చింది. వీరాయమ్మ పలకని పాదాల దగ్గర పట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చి, అవతలి ఒడ్డున ఉన్న మనిషితో మాట్లాడే అలవాటు కొద్దీ, తోట అదిరేలా కేక పెట్టింది.

"అమ్మా, కాళ్లు వాచేయండీ, చూడండీ."

డాక్టరమ్మ చెవిలో వేలు పెట్టుకుంది. పాదాల్ని దగ్గరగా చూసింది, వేలితో నొక్కి చూపించమంది, తలనొప్పి ఉందా అని, కళ్లు మసకలేస్తున్నాయా అని నాగదుర్గనే అడిగింది. రక్తపోటు చూసి చెప్పమంది. వీరాయమ్మ చూసి, మళ్లీ గోదావరి దాటేలా చెప్పింది. ఫరవాలేదు, ఉప్పు తగ్గించండి, ఎల్లుండి ఇదే వేళకి మళ్లీ చూస్తాను అంది డాక్టరమ్మ. తరవాత నవ్వింది.

"మెల్లిగా చెప్పండి వీరాయమ్మ గారూ. పక్కనే ఉన్నట్టు వినపడుతోంది."

వీరాయమ్మ సత్యదుర్గ వంక చూసింది. నిజమేనా అన్నట్టు. సత్యదుర్గ తల ఊపింది. వీరాయమ్మ గొంతు సవరించుకుని, ఏ పడవవాడికీ వినపడనంత మెత్తగా, అలాగేనమ్మా అంది.